సిరొంచ వైపు 1400

2008 నవంబర్ 11, ఉదయం ఆరున్నర. జింగనూర్ దగ్గర అడవి దారిలో బీరయ్య అనే పశువుల వ్యాపారిని కాల్చి చంపారు. జేబులో డబ్బు అలాగే ఉంది. ఎడ్లు కొంచెం దూరంలో మేస్తున్నాయి.

బీరయ్య పోలీసులకు సమాచారం ఇచ్చే మనిషి. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. సిరొంచ పోలీసు క్యాంపు ఫౌజ్‌దార్, అంటే ఎస్సై, ఒకరు, నాగ్‌పూర్‌లో అతని పై అధికారి ఒకరు. బీరయ్య పేరు ఎవరూ కాగితం మీద రాయలేదు. క్యాంపు డేటా లైన్ మీద ఒక్కసారి నాగ్‌పూర్ వెళ్లింది, అంతే.

అదే వారం హైదరాబాద్‌లో నిఘా బ్యూరో అధికారి గోపాల్‌రావు తన ఏజెంటును పిలిచాడు. ఏజెంటు పేరు నజీరుద్దీన్. సొంత ఊరు అహేరి. బ్యూరోలో చేరకముందు రౌటర్లు బిగించే పని చేశాడు.

"అల్లపల్లి టేకు డిపో చూసినవా?" అన్నాడు గోపాల్‌రావు.

"మా అబ్బ అక్కడ లారీలకు పంక్చర్లు వేసేటోడు సార్."

"మంచిది. దుంగ మీద సుత్తె ముద్ర కొడతరు. చెక్‌పోస్టు నాకా కాడ ఆ ముద్రనే చూస్తరు. దుంగ తొర్రల ఏమున్నదో ఎవరూ చూడరు. క్యాంపు లైన్ నడిపే కంపెనీ నెట్‌వర్క్ కూడా గంతే. సిరొంచల ప్యాకెట్ మీద లేబుల్ కొడతరు. నడిమిట్ల రౌటర్లు లేబుల్ చూసి ముందుకు తోలుతయి. నాగ్‌పూర్‌ల లేబుల్ పీకితే లోపల ఈథర్‌నెట్ ఉన్నది ఉన్నట్టు దిగుతది. రెండూర్ల నడుమ ఒకటే వైరు గుంజినట్టు."

"టన్నెల్."

"ఆ టన్నెల్‌కు ఎవడో బొక్క పెట్టిండు. విదేశీ ముఠా. రైఫిళ్లు అమ్మేటోళ్లు. ఈ వారమే ప్రాణహిత దాటిస్తున్నరు."

అతను బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. సన్‌గ్లాసెస్ పెట్టుకున్న యువతి, స్కూటీ మీద.

"ప్రసన్న. కంపెనీల ఫీల్డ్ ఇంజనీరు. గడియారం స్విట్జర్లాండ్‌ది, చెప్పులు సింగపూర్‌వి, జీతం మాత్రం సిరొంచది. వాళ్ల మనిషి. ఆమె ఏది చెప్తే దానికి ఉల్టా చెయ్యి."

నజీరుద్దీన్ అహేరిలో ఎస్టీ బస్సు ఎక్కి సిరొంచలో దిగాడు. మెడలో రౌటర్ కంపెనీ కార్డు. దాని మీద పేరు వసీమ్. సంచిలో ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్, టిఫిన్ డబ్బా ఉన్నాయి. డబ్బా అడుగు గిన్నెలో శాటిలైట్ ఫోన్ ఉంది.

ముందు రేవుకు వెళ్లాడు. బ్యూరోకు కబుర్లు చెప్పే పడవ మనిషి సమ్మన్న పడవలో చేరిన నీళ్లు తోడుతున్నాడు.

"మంచెర్యాల బస్సు ఏ ఒడ్డుకు వస్తది అన్నా?"

"నీళ్లు తగ్గినంక చెప్త." గుర్తు మాట కలిసింది. సమ్మన్న డబ్బా కింద పెట్టాడు. "నువ్వేనా సాబ్? ఎవరో మీసాలోడు వస్తడనుకున్న."

ముఠా మరునాడు మధ్యాహ్నానికి అతని పడవ మాట్లాడుకుంది. పెట్టెలు తొమ్మిది, వెంట వచ్చేవాళ్లు ముగ్గురు. కాళేశ్వరం వైపు దించాలి. ఆ ఒడ్డున పోలీసులు కాపు వేయాలంటే ఈ కబురు క్యాంపు డేటా లైన్ మీద నాగ్‌పూర్ వెళ్లి, అక్కడి నుంచి వాళ్లకు అందాలి.

"నా పేరు రాయకుంట పోదా సాబ్?"

"కాల్పులైతే నిన్ను ఎట్ల గుర్తుపడతరు? పేరు, ఫోటో ఉంటేనే నిన్ను వదిలిపెడతరు."

"బీరయ్య పేరు గూడ గట్లనే లైన్ మీద పోయిందట గదా."

"లైన్ సాఫ్ చేసినంకనే పంపిస్త. నాది జిమ్మా," అన్నాడు నజీరుద్దీన్.

"తియ్యి మరి ఫోటో." సమ్మన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మా సుశీలాబాయి చూస్తే, ఇన్నేండ్లకు మొకం కడిగినవా అంటది."

మరునాడు పొద్దున నజీరుద్దీన్ కంపెనీ గదికి వెళ్లాడు. గది బస్టాండు వెనక ఉంది. కాపలా మనిషి ఐలన్న తాళం తీశాడు. కాసేపటికి స్కూటీ వచ్చి ఆగింది.

"మేడం వచ్చింది సార్," అన్నాడు ఐలన్న. "సెంటు వాసన ముందుగాల్ల వస్తది, మేడం ఎనుక వస్తది."

"వినబడుతున్నది ఐలన్నా," అంది ప్రసన్న. సన్‌గ్లాసెస్ తీయలేదు. రోడ్డు అవతల పాన్ డబ్బా దగ్గర ఒకడు నిలబడి గదిలోకే చూస్తున్నాడు. ఆమె వాడికి వీపు పెట్టి నిలబడింది.

"మెయిన్ టన్నెల్ ఎంతన్న చూస్కో. బ్యాకప్ ముట్టకు."

"ఎందుకు మేడం?"

"డౌన్ ఉన్నది. డౌనే ఉండనీ." ఆగింది. గొంతు తగ్గించింది. "ఈసారి శనగకు తేమ చాలదంటున్నరు."

"నేను శనగ పెట్టలే మేడం."

ఆమె ఒక క్షణం అతని వైపే చూసింది. ఇంకేమీ అనకుండా స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

నజీరుద్దీన్ మెయిన్ టన్నెల్ చూశాడు. రెండు చివర్లలో టన్నెల్ నంబరు ఒకటే. లైన్ మీద కనబడే పరికరాలు రెండే, క్యాంపుది ఒకటి, నాగ్‌పూర్‌ది ఒకటి. మూడోది లేదు. దొంగ ఎక్కడా దొరకలేదు.

తర్వాత బ్యాకప్ టన్నెల్ చూశాడు. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది కావచ్చో చెప్పే అంకె రెండు చివర్లలో ఉంటుంది. ఆ అంకె రెండు వైపులా ఒకటే కాకపోతే టన్నెల్ లేవదు. అవతలి వైపు 1500 ఉంది. సిరొంచ వైపు 1400 ఉంది. అవతలి చివర ఏ ఊళ్లో ఉందో లేబుల్ చెప్పదు. కంపెనీ మ్యాపులో 'నాగ్‌పూర్-2' అని ఉంది.

ఫోన్ మోగింది. క్యాంపు ఫౌజ్‌దార్.

"పడవోని ఫైల్ తయారున్నది. బ్యాకప్ లేనిది నేను పంప. రూల్ అది. జల్దీ చెయ్యిండ్రి, పడవ కాడ పెట్టెలు ఎక్కిస్తున్నరు."

ముఠా మనిషి ముట్టవద్దన్న టన్నెల్ అది. అంకె తప్పు కళ్ల ముందే ఉంది. నజీరుద్దీన్ 1400 కొట్టేసి 1500 పెట్టాడు.

"లేచింది సార్!" అన్నాడు ఐలన్న, వెలిగిన దీపం చూసి. "మేడంతోని గాలేదు. వారం సంది పండుకునే ఉన్నదిది."

నజీరుద్దీన్ ఫౌజ్‌దార్‌తో, "పంపుండ్రి," అన్నాడు.

ఫైల్ మెల్లగా పోతోంది. టన్నెల్ లేచినా పడినా కంపెనీ ఇంజనీరుకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ప్రసన్న స్కూటీకి స్టాండ్ కూడా వేయకుండా లోపలికి వచ్చింది. బయట స్కూటీ పడిన చప్పుడైంది.

"ఎవరు లేపిండ్రు దాన్ని?"

"నేనే."

"బుద్ధున్నదా నీకు? అది నాగ్‌పూర్ కాదు. చంద్రపూర్‌ల లాడ్జి. వాళ్ల రూము!"

నజీరుద్దీన్ పిస్తోలు తీశాడు. ఐలన్న గోడకు ఆనుకున్నాడు.

"నన్ను తర్వాత కాల్చుకో. ముందుగాల దాన్ని దించు. వాళ్లు నన్ను నమ్మాలని క్యాంపు స్విచ్‌ల కాపీ నేనే పెట్టిన. లైన్ మీద ఏది పోయినా ఈ బ్యాకప్‌లకు గూడ పోతది. బీరయ్య సచ్చినంక, వాళ్లకు అనుమానం రాకుంట ఆపాలని నేనే అంకె మార్చిన. కంపెనీ ఫాల్టని చెప్పి వాళ్లను వారం ఆపిన."

నజీరుద్దీన్ బ్యాకప్ కేబుల్ పీకాడు. దీపం ఆరింది. మెయిన్ లైన్ మీద ఫైల్ ఆఖరి పేజీ అప్పుడే బయలుదేరింది. అంతకుముందు పేజీలన్నీ రెండు దారుల్లోనూ వెళ్లిపోయాయి. మొదటి పేజీలో పేరు, ఫోటో ఉన్నాయి.

టిఫిన్ డబ్బాలోని ఫోన్ తీసి నజీరుద్దీన్ గోపాల్‌రావుకు చేశాడు. ఆమె చెప్పింది చెప్పి లైన్ మీదే ఉన్నాడు. గోపాల్‌రావు ఇంకో ఫోన్లో ఢిల్లీతో మాట్లాడి వచ్చాడు.

"ఆమె ఢిల్లీ డెస్క్ మనిషి. నాలుగు నెలల నుంచి. నాకు చెప్పలేదు వాళ్లు."

"ఆమె కోడ్ ఏంది సార్?"

"ఏదో శనగ పంట గురించట."

నజీరుద్దీన్ ఫోన్ ప్రసన్నకు ఇచ్చాడు. ఆమె లాడ్జి పేరు, గది నంబరు చెప్పింది. ఇద్దరూ పడిన స్కూటీ లేపి రేవుకు వెళ్లారు.

పడవ నది మధ్యకు చేరింది. సమ్మన్న వెనక నిలబడి గడ వేస్తున్నాడు. ముగ్గురు పెట్టెల మీద కూర్చున్నారు. ఒకడి చేతిలో ఫోన్ ఉంది.

నజీరుద్దీన్ నీళ్లలోకి దిగాడు. ప్రసన్న అతని చొక్కా పట్టుకుంది.

"పిలువకు. వాళ్లకు ఇంకా తెల్వదేమో."

"తెలిస్తే?"

"తెలిస్తే పిలిచి ఏం చేస్తవు?"

రేవులో ఇంకో పడవ లేదు. పిస్తోలుకు అందే దూరం కాదు. నడివయసు స్త్రీ ఒకామె తడిబట్టలు పిండుతూ వాళ్ల వైపు చూసింది.

"మా మనిషి పడవ కోసమా? ఆలస్యమైతది. పొద్దుగూకినంక మళ్లొస్త అన్నడు. మీరెవరు బాబూ?"

"రౌటర్ కంపెనీ," అన్నాడు నజీరుద్దీన్.

"అదేం కంపెనీయో," అంది సుశీలాబాయి. "నీళ్లల్లకు బూట్లతోని దిగుతరా ఎవరన్న?"

ఫోన్ పట్టుకున్నవాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కొంచెంసేపు విన్నాడు. ఫోన్ జేబులో పెట్టి లేచి నిలబడ్డాడు. పడవ ఇసుక దిబ్బ వెనక్కి వెళ్లింది. సుశీలాబాయి బట్టలు బుట్టలో వేసుకుంటోంది.

చంద్రపూర్ లాడ్జిలో ఇద్దరు విదేశీయులు సామాను సర్దుతుండగా పట్టుబడ్డారు. రైఫిళ్లు అడవిలోకి చేరలేదు. పడవ కాళేశ్వరం వైపు ఒడ్డుకు రాగానే పోలీసులు చుట్టుముట్టారు. ఒక్క తూటా కూడా పేలలేదు. మెయిన్ లైన్ మీద అందిన ఫోటో చేతిలో పట్టుకుని ఒక కానిస్టేబుల్ పడవలోని మనుషులను ఒక్కొక్కరినే పోల్చి చూశాడు.

పెట్టెలు తొమ్మిది ఉన్నాయి. మనుషులు ముగ్గురు. ఫోటోలో ఉన్నది ఆ ముగ్గురిలో ఎవరూ కారు.