వదిలేయమన్న మాట

"ఇది పిల్లకాయల ఆట," అంది శిరీన్, గుమ్మం దాటకుండానే.

గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉన్నాయి. కిటికీలోంచి కిందనున్న బండల మిల్లు కనిపిస్తోంది. బల్ల చివర కూర్చున్న యువకుడు లేచి నిలబడ్డాడు. చొక్కా చేతుల నిండా బూడిదరంగు రాతిపొడి.

"పిల్లకాయలు ఊరికెనే ఆడుకుంటారండీ. మనకే పాచికలు, రూల్సు కావాల," అన్నాడు. "నా పేరు దావూద్. లోపలికి రండి, ఫ్యాను గాలన్నా తగుల్తాది."

శిరీన్ వచ్చింది తన ఇష్టంతో కాదు. కౌన్సెలర్ మహాదేవమ్మ మేడమ్ పంపింది. "నాలుగు ఆదివారాలు పో. నచ్చకపోతే మానుకో," అని చెప్పింది. అమ్మ మాబూబీ ఆటో ఎక్కించి మరీ పంపింది.

బల్ల దగ్గర ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన చిన్న ఈరన్న, రిటైరైన బస్సు కండక్టరు. భార్య పోయిన రెండేళ్ళకు మొదటిసారి ఇల్లు వదిలి ఇక్కడికే వచ్చాడు. ఇంకో పిల్ల శివాని. నర్సింగ్ చదువుతోంది, పరీక్ష అంటే చేతులు చల్లబడతాయి.

ఆట సులువే. ప్రతి ఒక్కరూ ఒక పాత్ర తీసుకోవాలి. దావూద్ కథ నడుపుతాడు. ఎదురుగా వాగు ఉంది, వంతెన లేదు, ఏం చేస్తారు అని అడుగుతాడు. తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వాళ్ళు చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది.

"మీ పాత్ర పేరు?" అన్నాడు దావూద్, పెన్సిల్ పట్టుకొని.

"కోపం."

"ఇంటిపేరు?"

చిన్న ఈరన్న కిసుక్కున నవ్వాడు. శిరీన్ నవ్వలేదు గానీ, కుర్చీ లాక్కొని కూర్చుంది. అతని నోరు మూయించడానికే కూర్చున్నానని తనకు తాను చెప్పుకుంది.

ఆమె కోపానికి ఎనిమిది నెలల వయసు. కమలాపురం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసేది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, రంగులు కలుపుతూ కలుపుతూ ఏడ్చేసి, ఫిజిక్స్ సారు ఫోన్లో పెడుతున్న మెసేజీలు చూపించింది. శిరీన్ నేరుగా కరస్పాండెంట్ గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన టీ తెప్పించాడు. "నువ్వు మంచి పిల్లవు. నీ మంచికే చెప్తాండా. ఈ మాట ఈడనే వదిలేయ్. రేపు ఎవరికీ గుర్తుండదు," అన్నాడు. ఆమె వదల్లేదు. నెల తిరగకముందే ఆమె చేత రాజీనామా రాయించుకున్నారు. శిరీనే ఫిజిక్స్ సారు మీద మోజుపడి, అతను కాదంటే కక్ష కట్టిందని స్టాఫ్ రూములో చెప్పుకున్నారు. ఆ మాట కడపలో ఆమె ఇంటి దాకా వచ్చింది. "నీకెందుకు తల్లీ పరాయి పిల్ల సంగతి?" అని చుట్టాలు ఓదార్చారు. ఆ ఓదార్పు విన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండేది.

అప్పటినుంచీ కుంచె పడితే చేయి వణుకుతోంది. గొంతు పెంచబోతే మాట అడ్డం పడుతోంది.

రెండో ఆదివారం ఆట అయ్యేసరికి వాన పట్టుకుంది. మిల్లు ముందు పేర్చిన బండలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. మెట్ల కింద శిరీన్, దావూద్ ఆటో కోసం నిలబడ్డారు.

"కథలో కోట గోడకు ఎన్ని బురుజులు?" అని అడిగాడు దావూద్ ఉన్నట్టుండి.

"నన్నడుగుతారేం? కథ మీది కదా."

"నేను ఊరికే కోట అన్నా. మీరు గ్లాసులో నీళ్ళతో వేలు తడుపుకొని బల్ల మీద కోట గీస్తాండారు. ఐదు బురుజులు లెక్కపెట్టినా. ఆరోది గీసేలోపల ఈరన్న మామ టీ గ్లాసు దాని మీద పెట్టేసినాడు."

ఆమె చూపు తిప్పుకుంది. "కథ చెప్పేవాడు కథ చూసుకోవాల. ఎదుటివాళ్ళ వేళ్ళు కాదు."

"బొమ్మలేస్తారా మీరు?"

"వేసేదాన్ని."

అతను ఇంకేం అడగలేదు. అలా అడగకుండా ఉండటం ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది. ఆటో వచ్చాక అతను గొడుగు పట్టాడు. ఆ గొడుగుకు రెండు పుల్లలు విరిగిపోయి, నీళ్ళన్నీ ఆమె భుజం మీదే కారాయి.

"వానే నయం," అందామె ఆటోలో కూర్చుంటూ. ఇంటికి పోయేదాకా పెదవి మీద ఏదో నవ్వులాంటిది నిలిచే ఉంది.

నాలుగో ఆదివారం కథ కోట దాకా వచ్చింది. ఊరి బావులన్నిటికీ తాళాలు వేయించిన దొర ఆ కోటలో ఉన్నాడు. కోపం అనే ఆ పాత్ర, అంటే శిరీన్, అందరికంటే ముందు వెళ్ళి తలుపు కొట్టింది. పాచిక పద్దెనిమిది పడింది. తలుపు తెరుచుకుంది. బావుల తాళాలు తీయమని దొరను అడిగింది.

దావూద్ దొరగా గొంతు మార్చాడు. మెత్తగా, పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు.

"నువ్వు మంచి పిల్లవు. నీ మంచికే చెప్తాండా. ఈ మాట ఈడనే వదిలేయ్. రేపు ఎవరికీ గుర్తుండదు."

శిరీన్‌కు చెవులు గుయ్యిమన్నాయి. బల్ల పట్టుకొని లేచింది.

"నా సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఏ సంగతి?" దావూద్ ముఖం తెల్లబోయింది.

"నన్ను తెచ్చి ఈడ కూర్చోబెట్టి, నా గాయాన్ని నాకే ఆట చేసి చూపిస్తాండావా? నేనేమన్నా ల్యాబులో ఎలకనా?" దావూద్ ఏదో చెప్పబోయాడు. అయినా ఆగలేదు. "మీ వైద్యమూ వద్దు, మీ ఆటా వద్దు."

చిన్న ఈరన్న "అమ్మా, కూర్చో తల్లీ" అంటున్నా వినకుండా మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మహాదేవమ్మ మేడమ్ గదిలో నిలబడింది. "నా కథ అతనికి మీరే చెప్పినారు."

మహాదేవమ్మ కళ్ళజోడు తీసింది. ఆమెకూ కోపం వచ్చింది. "ఇరవై రెండేండ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నా. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసింది లేదు. ఒక అమ్మాయి వస్తాదని చెప్పినా, అంతే. నీ పేరు కూడా చెప్పలే."

"మరి అవే మాటలు ఎట్లా వచ్చినాయి? ఒక్క అక్షరం తేడా లేదు."

"అట్లా మాట్లాడేవాడు మీ కరస్పాండెంట్ ఒక్కడే అనుకుంటాండావా? ఆ పిల్లోడు అది యాడ విన్నాడో పోయి వాణ్నే అడుగు."

అడగాలనుకోలేదు శిరీన్. ఇంటికొచ్చి తలుపేసుకుంది. కోపం చల్లారలేదు. మాబూబీ పొయ్యి రాజేయడానికి ఉంచిన బొగ్గుల్లోంచి ఒకటి తీసుకుంది. పాత క్యాలెండరు వెనక్కు తిప్పి దొర ముఖం గీసింది. మెత్తటి నవ్వు, ఎదుటివాళ్ళ వైపు టీ కప్పు జరిపే చేయి. క్యాలెండరు కాగితాలు పన్నెండూ నిండాక గాని, చేయి వణకలేదన్న సంగతి ఆమెకు తోచలేదు. మాబూబీ అన్నం కంచంతో వచ్చి, గది నిండా పరిచిన ముఖాలు చూసి, కంచం కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక దావూద్ పనిచేసే బండల మిల్లుకు వెళ్ళింది. రంపం మోతలో మాట వినబడేటట్టు లేదు. దావూద్ ఆమెను చూసి మిషను ఆపించాడు.

"ఆ మాటలు నీకు ఎవరు చెప్పినారు?" అనడిగింది.

అతను చేతులు తుడుచుకున్నాడు. "మా మేనేజరు. బెంగళూరులో లిఫ్టుల కంపెనీలో టెస్టింగ్ చేసేవాణ్ని. బ్రేకు సరిగా పడ్డంలేదని రాసినా. గదిలోకి పిలిచి, టీ ఇచ్చి, ఆ మాటే అన్నాడు."

"నువ్వేం చేసినావు?"

"వదిలేసినా." అతను తలెత్తలేదు. "మూడు నెలలకు లిఫ్టు జారి ఒక పనిమనిషి కాలు విరిగింది. ఆమె పేరు కూడా నాకు తెలీదు. ఆ తర్వాత నాకు నిద్ర లేదు, తిండి లేదు. అక్కడి స్నేహితులు ఈ ఆటకు పిలిచేవాళ్ళు. అందులో పడి మనిషినైనా. ఈడికొచ్చి నేనూ మొదలుపెట్టినా. దొర వేషం ప్రతిసారీ నేనే కడ్తా. వాడు ఎట్లా మాట్లాడ్తాడో నాకు బాగా తెలుసు."

జాలిపడాలని అతను ఆశించాడో లేదో గాని, శిరీన్ జాలిపడలేదు.

"నువ్వు నయమై వచ్చి ఈడ ఆట ఆడిస్తాండావు. ఆమె కాలు ఎవరు నయం చేసినారు?"

"ఎవరూ చేయలేదు."

"నేను వదల్లేదు, నన్ను తరిమేసినారు. నువ్వు వదిలేసినావు, నీకు మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపింటారు. ఇద్దరం ఇట్లా చేతులు ముడుచుకొని కూర్చుంటే వాళ్ళు ఇంకొకరికి టీ తెప్పిస్తారు." ఆమె మాట ఎక్కడా అడ్డం పడలేదు. "ఇప్పుడు ఫిర్యాదు రాయి. నేనూ రాస్తా."

దావూద్ అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో సిగ్గుంది, ఇంకేదో కూడా ఉంది. అదేమిటో ఆలోచించే తీరిక శిరీన్‌కు ఆ పూట లేదు.

ఆ వారమే ఇద్దరూ బస్సెక్కి, మెసేజీలు చూపించిన ఆ పిల్ల తల్లి గిడ్డమ్మ దగ్గరికి వెళ్ళారు. గిడ్డమ్మ శనగచేలో కలుపు తీస్తోంది. అంతా విని కొడవలి గట్టు మీద పెట్టింది.

"నా బిడ్డ పేరు బయటికి వస్తాదా?"

"రానియ్యను," అంది శిరీన్.

"మీ ఉద్యోగం పోయిందని నా బిడ్డ ఎన్ని దినాలు ఏడ్సిందో మీకు తెల్దు మేడమ్. తనవల్లే పోయిందంటాది. యాడికి రావాల్నో చెప్పండి, నేనొస్తా."

అర్జీ పెట్టిన ఇరవై రోజులకు జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి విచారణకు పిలుపు వచ్చింది. కరస్పాండెంట్ కూడా వస్తాడని అందులో ఉంది. అది చదివాక, ఆయన ఎదుట చెప్పాల్సింది ముందే ఆడి చూసుకోవాలనుకుంది శిరీన్.

ఆ ఆదివారం కోట లేదు, పాచిక లేదు. "దొర వేషం నీదే కదా. కట్టు," అంది దావూద్‌తో. శివాని అధికారి అయింది. చిన్న ఈరన్న బంట్రోతు అయి, "ఒక్కొక్కరే రావాల, తోసుకోగూడదు," అని అలవాటు కొద్దీ కండక్టరు గొంతుతో అరిచాడు.

దావూద్ మెత్తగా మొదలుపెట్టాడు. "ఆ అమ్మాయి మా దగ్గర పనిచేసింది మేడమ్. కొంచెం ఆవేశం ఎక్కువ."

మొదటిసారి శిరీన్‌కు మాట రాలేదు. రెండోసారి కళ్ళనీళ్ళు వచ్చాయి. మూడోసారి సగంలో ఆగిపోయింది. దావూద్‌కు వేషం కొనసాగించడం చేతకాలేదు. "ఇంక చాలు, నావల్ల కాదు," అన్నాడు.

"నీవల్ల కాకపోతే ఎవరివల్ల ఔతాది? మళ్ళీ అను," అని గద్దించింది.

నాలుగోసారి చివరిదాకా చెప్పింది. ఐదోసారి అతన్ని మధ్యలో ఆపి మరీ చెప్పింది. చిన్న ఈరన్న బంట్రోతునన్న సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు.

విచారణ రోజు ఎండ మాడ్చేస్తోంది. లోపల మూడు గంటలు పట్టింది. కరస్పాండెంట్ అన్నీ అనుకున్న మాటలే అన్నాడు. శిరీన్, గిడ్డమ్మ తెచ్చిన మెసేజీల కాపీలు బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి, తేదీలతో సహా చెప్పింది. గిడ్డమ్మ ఆమె పక్కనే నిలబడి, "నిజం మేడమ్, అంతా నిజం," అంది. విచారణకు వచ్చిన అధికారిణి మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

ఫిజిక్స్ సారును తీసేయమని అప్పుడే కాగితం రాశారు. కరస్పాండెంట్ సంగతి పైకి పంపుతామన్నారు. అంటే ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆ మంట ఆమెకు మిగిలే ఉంది.

గేటు బయట మాబూబీ వేపచెట్టు నీడలో కూర్చుంది. దావూద్ మాత్రం గేటు పక్కనే ఎండలో నిలబడి ఉన్నాడు. ముఖం కందిపోయింది.

"కంపెనీ నుంచి జవాబు వచ్చింది," అన్నాడు. "రెండే లైన్లు. పరిశీలిస్తారంట. నేను ఊరుకోను, లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసుకు కూడా రాసినా. ఆమె పేరు తెలిసింది. రమాదేవి. వచ్చే వారం పోయి చూసొస్తా."

"నేనూ వస్తా," అంది శిరీన్.

మాబూబీ లేచి వచ్చింది. ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, మూడు గంటలు ఎండలో నిలబడినావు, నీడకు పిలిస్తే రాలేదు. మా బిడ్డతో బస్సులెక్కి ఊర్లు తిరుగుతాండావు. ఒక్కసారన్నా మా గడప తొక్కినావా? మర్యాద తెల్దా? శుక్రవారం నమాజ్ అయినాక మీ నాయన్ను పిల్చుకోని రా."

"అమ్మీ, నన్నెవరన్నా అడిగినారా?" శిరీన్‌కు రోషం వచ్చింది.

"అడగాలనే పొద్దుట్నుంచి నిలబడినా," అన్నాడు దావూద్. "కోట కాడ నువ్వు లేచి నన్ను తిట్టిన దినం నుంచీ అడగాలనే ఉండా. నన్ను చేసుకుంటావా?"

గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ అంగడాయన మిషను ఆపి చూస్తున్నాడు. గిడ్డమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇట్లా ఆఫీసు గేటు కాడ, ఇంతమంది వింటాండంగ అడుగుతారా ఎవరన్నా?"

"మరి యాడ అడగాల?"

"అదీ నేనే చెప్పాల్నా?" శిరీన్ దుపట్టా తల మీదికి లాక్కొని, అమ్మ చేయి పట్టుకొని ఆటో వైపు నడిచింది. రెండడుగులేసి వెనక్కి తిరిగింది.

"శుక్రవారం ఇంటికొచ్చి, కూర్చొని, టీ తాగి అడుగు. ఔనంటా."