ఆదివారం పడిన అక్షరాలు

సరళ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. తెర మీద మరో G పడింది.

రాయదుర్గంలో మిట్టమధ్యాహ్నం. వీధిలో అలికిడి లేదు. ఆమె టైపు చేస్తున్న ప్రశ్నపత్రం మధ్యలో, ఎవరో వేలు ఆనించినట్టు ఒక్కో అక్షరం.

G అంటే గంగాధర్. ఆమె అన్న. పోయి నాలుగు నెలలైంది. గోడ అవతలి జీన్స్ యూనిట్లో కుట్టే స్నేహితుడు దేవేంద్రతో కలిసి, పోయే ముందు ఒక మీట తయారుచేశాడు. వైరు లేదు, బ్యాటరీ లేదు. కాలితో తొక్కితే ఆ తొక్కుడుకే కరెంటు పుట్టి, కంప్యూటర్లో G పడుతుంది. ఎన్ని ప్యాంట్లు అయ్యాయో తెలియడానికి.

"మనిషి కదిలితేనే ఇది పలుకుతాది," అనేవాడు.

ఏడాది తద్దినం దాకా అతని బల్ల మీద ఏదీ తీయొద్దంది అమ్మ. అక్షరాన్ని అందుకునే చిన్న పెట్టె కంప్యూటర్‌కు అలాగే తగిలించి ఉంది. మీట మాత్రం ఇంట్లో లేదు.

సరళ దేవేంద్రకు కబురు పెట్టింది.

"ఏమప్పా, పిలిస్తే గానీ రావా?"

"మొగం చెల్లలేదు, సరళా."

"కూచో. నేను అన్న కంప్యూటర్ పట్టినప్పట్నుంచి, ఇరవై దినాలుగా పడతాండాది. చూడు."

ఇద్దరూ చూశారు. అరగంటైనా ఒక్క అక్షరం పడలేదు.

"నువ్వొస్తే ఆగిపాయ," అంది ఆమె నెమ్మదిగా.

దేవేంద్ర జేబులోంచి అగ్గిపెట్టెంత నల్లటి మీట తీసి బల్ల మీద పెట్టాడు. "నా మిషన్ కింద ఉండేది ఇదే. ప్యాంటు అయినప్పుడల్లా తొక్కేది అలవాటు. ఈడ పెట్టె తీసేసింటారనుకుంటి."

సరళ తెర వైపు చూసింది.

"అన్నే అనుకుంటి. 'తిన్నావా' అని టైపు చేసి కూడా అడిగినా."

"తెలిసింటే తొక్కేవాణ్ణి కాదు."

ఆమెకు ఏదో గుర్తొచ్చింది.

"ఆదివారం యూనిట్ మూస్తారు గదా. ఆ దినమే ఎక్కువ పడతాయి. అవి ఎవరివి?"

దేవేంద్ర తల ఎత్తలేదు. "తాళం నాకాడే ఉంటాది. ఒక్కణ్ణే కూచుంటా. నువ్వు పేపర్లు దిద్దుతా పిల్లోళ్లను తిట్టుకుండేది గోడలోంచి ఇనపడతాది."

"కుట్టేది లేకుండా ఎందుకు తొక్కినావు?"

"నీకు చేరదనుకునే తొక్కితి. గోడవతల నుంచి నిన్ను పేరు పెట్టి పిలిచేకి ధైర్యం చాలక."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. సరళ మీటను చేతిలోకి తీసుకుంది. బల్ల సొరుగులో పెట్టేస్తుందనుకున్నాడు. అతని అరచేతిలోనే పెట్టింది.

"వచ్చే ఆదివారం తొక్కద్దు," అంది. "తలుపు కొట్టు. అమ్మకు చెప్పింటా."