నాన్న తీసేసిన వాక్యం

పొద్దున్నే పళ్ళు తోముకుంటూనే చిట్టి ఫోన్ తెరిచింది. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వాలంటీరుగా చేరి వారమైనా కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అమ్మ అప్పుడే ఎగతాళి మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం చిట్టి తమ ఊరి లైట్‌హౌస్ పేజీలో ఒక వాక్యం చేర్చింది. తుఫాను రాత్రి యంత్రం ఆగిపోతే కాపలాదారు తెల్లవార్లూ దీపాన్ని చేత్తోనే తిప్పాడని. ఆ కాపలాదారు ఆమె నాన్న.

ఇప్పుడు ఆ వాక్యం లేదు. పేజీ చరిత్రలో "రుజువు లేదు, తీసేశాను" అని ఉంది. పక్కన ఉన్న పేరు చూసి ఆమె చేతిలోని బ్రష్ జారి పడింది. అది నాన్న పేరు. నాన్న పోయి ఏడాది దాటింది.

రిటైరయ్యాక ఆయన కాపలా అంతా ఆ సైట్‌లోని పేజీలకే. "రుజువేది?" అన్నది ఆయన ఊతపదం. కూతురు ఫస్టొచ్చిందన్నా మార్కుల కాగితం చూస్తేగాని నమ్మని మనిషి.

నాన్న గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల టకటకమని కీబోర్డు చప్పుడు. కుర్చీలో అటు తిరిగి కూర్చున్న మనిషి ఒంటిమీద ఆయన బూడిదరంగు స్వెటర్.

"నాన్నా..."

ఆ మనిషి తిరిగింది. అమ్మ.

"ఏంటే అలా నిలబడ్డావ్? దయ్యాన్ని చూసినట్టు!"

"నాన్న పేరుతో రాస్తున్నావా? అలా రాయకూడదమ్మా!"

"నేనే పేరూ పెట్టలేదు. ఆయన తెరిచి ఉంచిన ఖాతానే. ఎవరైనా చెత్త రాస్తే తీసేస్తున్నా."

"నేను రాసింది చెత్తా?"

అమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసింది.

"అది నువ్వేనని తెలుసు. మన ఇంట్లో తప్ప ఆ సంగతి ఎవరికి తెలుసు? ఆయనున్నప్పుడు నేనూ అదే రాశానే, చాటుగా. చూసి తీసేశారు. ఇంట్లోవాళ్ళ మాట చెల్లదన్నారు. రెండు పూటలు మాట్లాడలేదు నేను. నిన్న నీది చూసి ఉంచేద్దామనుకున్నా. ఆయన కుర్చీలో కూర్చుని ఎలా ఉంచనే?"

"ఇది మూసెయ్యాలమ్మా."

"ఆ పేరు పక్కన ఇవాళ్టి తేదీ పడుతుంటే మనిషి ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. మూసెయ్యి. ఇంకేం చేస్తాం."

చిట్టి కోపమంతా నీరుగారిపోయింది. తను ఆ సైట్‌లో చేరిందీ ఆయన్ని వెతుక్కుంటూనే. పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ పేరుతో కొత్తది తెరుద్దాం. నాన్న పేజీలన్నీ నువ్వే చూసుకో."

నాన్న ఖాతాలోంచి బయటికొచ్చే బటన్ అమ్మే నొక్కింది. తెరమీద పేరు మాయమైంది. ఆవిడ స్వెటర్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"తుఫాను రాత్రి తర్వాత ఆయన అరచేతులు బొబ్బలెక్కితే నెల్లాళ్ళు నేనే తినిపించాను. ఆ రుజువు వాళ్ళకి చాలదు కదే?"

"చాలదమ్మా," అంది చిట్టి ఆమె ఒళ్ళో తలపెట్టి. "నాకు చాలు."