ఊదాపూల బుట్ట

మిలాన్, 1946 మే. కల్నల్ గాస్టాల్ది బల్లమీద నక్షా పరిచాడు.

"యుద్ధంలో బాంబులకు కూలిన మన ఒపేరా హౌస్ మళ్లీ తెరుచుకుంటోంది. ఇవాళ మధ్యాహ్నం చివరి రిహార్సల్. దాన్ని తిరిగి కట్టిన తాపీమేస్త్రీలు, వడ్రంగులు, వాళ్ల పిల్లాపాపలు, మొత్తం రెండువేల మంది వస్తున్నారు. నాలుగింటికి ఆ హాలు పేలిపోవాలని ఒక విదేశీ ముఠా పథకం."

"కబురు ఎవరిది సార్?" అన్నాడు ఏజెంట్ ఎత్తోరె బెల్లాతి.

"లివియా సార్తి. గాయని. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. బాంబు షాండ్లియర్‌లో ఉందట."

ఎత్తోరె ఎలక్ట్రీషియన్ వేషంలో షాండ్లియర్‌ను కిందికి దింపించి, దీపం దీపం తడిమాడు. ఏమీ లేదు. పియానో ట్యూనర్‌గా వేషం మార్చి వేదిక వెనక్కి చేరేసరికి హాలు నిండిపోయింది. గోడల సున్నం తడి ఇంకా ఆరలేదు.

మూడూ యాభై రెండు.

"ఓరి దేవుడో! దీన్నెవడు లోపలికి రానిచ్చాడు?" దుస్తులు కుట్టే ముసలి ఇల్దే, ఇనుము ముట్టుకుంటే కీడు తొలగుతుందని, చప్పున మెట్ల ఇనుప కమ్మీ పట్టుకుంది. ఎదురుగా బుట్టెడు ఊదాపూలు.

"ఎందుకు అవ్వా ఆ గోల? నాకొచ్చినవేగా," అంది లివియా, పట్టుగౌను సర్దుకుంటూ. "ఎంత ముద్దుగా ఉన్నాయో! వేదిక పక్క స్తంభం దగ్గర పెట్టు. నేనలా గాలి పీల్చుకుని వస్తా."

"నీకేమైనా పిచ్చా తల్లీ? నేను ముట్టను గాక ముట్టను. ముప్ఫై ఏళ్లలో ఈ గడప లోపల ఊదా దారప్పోగు కూడా చూళ్లేదు."

ఎత్తోరెకు శకునాల మీద నమ్మకం లేదు. చరిత్ర మీద ఉంది. పూర్వం ఈస్టర్‌కు ముందు నలభై రోజులు పాదిరీలు ఊదా వస్త్రాలు ధరించేవారు, నాటకశాలలకు తాళాలు పడేవి, నటులు పస్తులుండేవారు. ఆ ఆకలి పోయింది, రంగు మీద కసి మిగిలింది. నాటకాలవాళ్ల ఇంట పుట్టానని చెప్పుకునే ఇటలీ గాయని ఊదాపూలను చూసి మురుస్తుందా?

పనిముట్ల సంచిలోని చెవిగొట్టం తీసి బుట్టకు ఆనించాడు. టిక్. టిక్.

"అవ్వా, ఆమెను ఆపు!"

ఇల్దే ఎందుకని అడగలేదు. తాను కుట్టిన గౌను అంచు ఎంత పొడవో ఆమెకు తెలుసు. దానిమీద కాలు వేసింది. లివియా బోర్లాపడింది. చేతిసంచిలోంచి పిస్టల్ జారింది. దాన్ని ఒక్క తన్ను తన్ని, ఇల్దే లివియా వీపుమీద బైఠాయించింది.

పూల అడుగున ఇత్తడి గడియారం, రెండు మరలు. ట్యూనింగ్ కీతో తిప్పగా తిప్పగా ఆరేడు నిమిషాలకు ఒకటి ఊడింది. రెండోది బిగుసుకుపోయింది. నాలుగింటికి ఇక ఇరవై సెకన్లు. చెమటకు కీ జారింది. తొమ్మిది. మర కదిలింది. మూడు సెకన్లుండగా తీగ చేతికొచ్చింది.

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అప్పుడే వచ్చి నిలబడ్డ వాద్యబృందానికి.

సాయంత్రం కల్నల్ నవ్వాడు. "శకునాలన్నీ ఒట్టివంటావుగా ఎత్తోరె? ఊదారంగు అరిష్టమేనని ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

"ఒక్కరి విషయంలో ఒప్పుకోక తప్పదు సార్. దాన్ని నమ్మనామె విషయంలో."