శుక్రవారం తెల్లబట్టలు

శుక్రవారం పొద్దున్నే దల్వీనా గంజి పెట్టిన తెల్ల గౌను వేసుకుని, బెండకాయలు, ఎండురొయ్యలు, ఎర్ర పామాయిలుతో వండిన కూర గిన్నె పట్టుకుని కూతురింటికి వచ్చింది. బ్రెజిల్‌లోని ఈ సాల్వడార్‌లో ఆవిడ ఈడువాళ్ళు, దేవుడి రోజని, శుక్రవారం తెలుపు తప్ప మరో రంగు ముట్టరు. సాయంత్రం వెళ్ళేటప్పుడు కడిగినా కడగకపోయినా గిన్నె వెంట తీసుకుపోతుంది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ ఒక చెంచా కూడా వదల్లేదు.

నాలుగేళ్ళ కిందట ఆ భవనం కాపలావాడు ఆవిడ నల్లని మొహం చూసి, "పనివాళ్ళ లిఫ్టు అటు" అని చెయ్యి చూపించాడు. పక్కనే ఉన్న తెల్ల అల్లుడు ఒటావియో కిమ్మనలేదు. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈ భవనంలో ఇంకెప్పుడూ ఇలాంటిది జరగనివ్వనని మాటిచ్చాడు. నెలనెలా ఇళ్ళవాళ్ళ సమావేశంలో పోట్లాడి ఆ లిఫ్టు బోర్డు తీయించాడు కూడా. అయినా దల్వీనాకు నమ్మకం కుదరలేదు. ఏడ్చినవాళ్ళను ఆవిడ చాలామందినే చూసింది.

"అమ్మమ్మా, ఈతకొలనుకి వెళ్దామా?" అంది ఏడేళ్ళ నయారా. పిల్లది తండ్రి రంగు.

"ఇవాళ కొలను కడుగుతున్నారు తల్లీ" అన్నాడు ఒటావియో చప్పున.

"పోయిన శుక్రవారం కడిగారుగా?" అంది దల్వీనా.

"అవునత్తయ్యా, మళ్ళీ కడుగుతున్నారు."

"అంతకుముందు శుక్రవారం?"

అతనికి ఉన్నట్టుండి స్నానం గుర్తొచ్చింది. కూతురు జందీరా ఉల్లిపాయల మీంచి తలెత్తకుండానే, "పోనీలేమ్మా" అంది.

పోనిచ్చే మనిషి కాదావిడ. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి, మందు మింగామని బొంకే రోగుల్ని కళ్ళు చూసే పట్టుకుంది. బాల్కనీలోంచి తొంగి చూస్తే కింద పిల్లలు నీళ్ళలో కేరింతలు కొడుతున్నారు. తువ్వాలు భుజాన వేసుకుని మనవరాలి చెయ్యి పట్టుకుంది.

కొలను గేటు దగ్గర కుర్రాడు నవ్వుతూ తలుపు తీశాడు. "రండమ్మా, మీకు యూనిఫాం ఉందిగా. పాపది ఏ ఫ్లాటు?"

ఆవిడ తన గౌను వంక చూసుకుంది. గేటు పక్కన కాగితం కనిపించింది. ఆయాలు తెల్ల యూనిఫాం లేకుండా కొలను దగ్గరికి రాకూడదట. అనుకూలం పద్నాలుగు ఓట్లు, వ్యతిరేకం పదమూడు. సమావేశానికి రానివారు: ఫ్లాటు 402. అది కూతురి ఇల్లే.

"ఈవిడ మా అమ్మమ్మ!" అంది నయారా.

"ఆయాల్ని పిల్లలు అలాగే పిలుస్తార్లే" అన్నాడు కుర్రాడు, ముద్దుగా.

దల్వీనా పిల్లను తీసుకుని పైకి వచ్చేసింది. ఒటావియో తల తుడుచుకుంటూ ఎదురయ్యాడు.

"బాగా కడిగారు కొలను" అంది.

అతని మొహం పాలిపోయింది. "అత్తయ్యా, మీరు బాధపడతారని..."

"నా బాధ గురించి తర్వాత. నువ్వెందుకు వెళ్ళలేదు? ఒక్క ఓటు! నువ్వుంటే సమానమై ఆ రూలు వీగిపోయేది."

"నాలుగేళ్ళుగా ప్రతి నెలా వెళ్ళాను. నన్ను చూస్తే చాలు మొహాలు తిప్పుకుంటున్నారు. ఆ ఒక్కరోజు... అలసిపోయాను."

"నువ్వు అలసిపోతే ఇంట్లో కూర్చున్నావు. నేను అలసిపోతే ఈ తోలు విప్పి ఏ కొక్కేనికి తగిలించను, చెప్పు?"

"నీకూ తెలుసా?" అని కూతుర్ని అడిగింది. జందీరా కళ్ళు నిండాయి, ఉల్లిపాయల వల్ల కాదు.

"అమ్మా, ఇంట్లో ఒక్క శుక్రవారమైనా గొడవ లేకుండా గడవాలనుకున్నాను" అంది.

దల్వీనా ఇక ఈ గడప తొక్కకూడదనుకుంది. నయారా వచ్చి గౌను పట్టుకోకపోతే అప్పుడే వెళ్ళిపోయేది.

ఒటావియో బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ సమావేశం పెట్టమని అర్జీ రాశాడు. దానికి పది ఇళ్ళ సంతకాలు కావాలి. కాగితం తీసుకుని బయటికి నడిచాడు. పై అంతస్తులో తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు కిందికి వినిపించింది. తర్వాత ఇంకోటి. కూర చల్లారిపోయాక, మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చాడు.

"ఎన్ని?"

"రెండు."

"అంతేనా?"

"ఇవాళ్టికి అంతే. రేపు మిగతా అంతస్తులు. ఓడిపోతే మళ్ళీ వచ్చే నెల. ఇలాంటివి మీ దగ్గర దాచడం మాత్రం ఇంకెప్పుడూ చెయ్యను."

ఆవిడ అలవాటుగా అతని కళ్ళలోకి చూసింది. ఈసారి అతను ఏడవడం లేదు. అది చూసి, ఎందుకో, ఆవిడకే ఏడుపొచ్చింది. పైట లేని గౌను, చేత్తోనే కళ్ళు తుడుచుకుని అతనికి కూర వేడి చేసి పెట్టింది.

సాయంత్రం ఆవిడ లిఫ్టు దాకా వెళ్ళాక జందీరా పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, గిన్నె మర్చిపోయావు!"

"మర్చిపోలేదు. వచ్చే శుక్రవారం వస్తాగా, మీ ఆయన్ని కడిగి ఉంచమను."