మైకు గదిలో దగ్గు

గుడుపల్లె నుంచి కుప్పానికి పోయే దారిలో, రాళ్ల క్వారీ మలుపు దాటగానే ఒక రేకుల గది ఉంది. చీకటి పడితే దాని ముందర ఎవరూ ఒంటరిగా నడవరు. బండ్ల మీద పోయే మగరాయుళ్లు కూడా ఆడికొచ్చేసరికి దేవుడి పేరెత్తుకుని స్పీడు పెంచేస్తారు.

ఎందుకంటే... ఆ గది దగ్గుతుంది.

అది వెంకటేశులు మైకుసెట్టు గది. రెండేళ్ల కిందట దగ్గుతోనే పోయినాడాయన. బతికుండగా మైకు పట్టుకుంటే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు — ఖర్ర్... ఖర్ర్. ఆయన పోయినాక ఊరి భజన గుంపు ఆ గదిలోనే, ఆయన ఆంప్లిఫయరుతోనే శుక్రవారం శుక్రవారం పాడుకుంటోంది. ఒక శుక్రవారం, మైకు చూసుకునే నాగేంద్ర వాల్యూమ్ నాబ్ తిప్పినాడో లేదో, కప్పు మీది హారన్లోంచి అదే చప్పుడు.

ఖర్ర్... ఖర్ర్.

చిడతలు పారేసి పరుగు. స్విచ్చి ఆపే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. ఆ రాత్రి ఖాళీ గది తనంతట తానే దగ్గుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రతి వారం ఆ ఆంప్లిఫయరు మిషనుకు పూజ. నిమ్మకాయ కోసి పైన పిండేది, నాబ్ నిండా ఇబూది పూసేది. ఎంత ఇబూది పూస్తే అంత దగ్గు. ఎంత దగ్గితే అంత ఇబూది.

వెంకటేశులు పెళ్లాం మునీశ్వరికి నలుగురిలో నోరు పెగలదు. లోపల మాత్రం అనుకునేది — బతికుండి దగ్గినప్పుడు ఒక మందుబిళ్ల తేని జనం, సచ్చి దగ్గుతాండాడంటే టెంకాయలు మోసుకొస్తాండారు... సిగ్గుల్యా.

చివరికి గుంపు పెద్ద రామచంద్రప్ప తీర్పు చెప్పినాడు. శనివారం పొద్దున్నే మిషన్ను క్వారీ గుంతలో పడేయాలని. వెంకటేశులు చేతులు మిగిల్చిపోయింది అదొక్కటే. మునీశ్వరి ఎట్లనో గొంతు తెచ్చుకుని, వద్దన్నా, అనింది. ఆడదానివి, మిషన్ల సంగతి నీకేం తెలుసమ్మా, అని రామచంద్రప్ప నవ్వినాడు. పక్కనోళ్లూ నవ్వినారు.

ఆ శుక్రవారం రాత్రి, ఆఖరి పూజ చేసి అందరూ పారిపోయినాక, ఆమె మొగుడి పనిపెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది.

గడప దగ్గర ఆ వీరులు వదిలేసిన చెప్పులు. లోపల ఆంప్లిఫయరు ఎర్రలైటు వెలుగుతోంది... ఆపనేలేదు.

చెయ్యి చాపింది.

ఖర్ర్... ఖర్ర్.

చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంకా ఎవరూ ముట్టుకోనేలేదు కదా...

బయట బండరాళ్ల లారీ ఒకటి బరువుగా మలుపు తిరిగి పోతోంది. రేకులు గడగడమన్నాయి. మిషను అదిరింది. లారీ దూరమైంది... దగ్గు ఆగింది.

ఓ, ఇంతేనా, అనుకుంది.

ప్లగ్గు పీకి, లోపలి కరెంటు చచ్చేదాకా కూర్చుంది. ఇరవై ఏండ్లు ఆయన 'మే... మే' అని పిలుస్తాంటే పక్కన టార్చి పట్టుకుని నేర్చిన పద్ధతి అది. ఇప్పుడు టార్చి పట్టేవాళ్లు లేరు. పళ్ల మధ్య కరిచిపెట్టుకుని మూత విప్పింది.

లోపల క్వారీ దుమ్ము, దాని మీద ఇబూది. కుంకం. ఎండిన నిమ్మగింజలు. నాబ్ వెనకుండే వాల్యూమ్ కంట్రోలు సందులోకి పొడి దిగి, నిమ్మరసంతో గట్టిగా పిడచ కట్టింది. దెయ్యాన్ని వీళ్లే వారం వారం మేపినారు.

బ్రష్షుతో దులిపింది. కంట్రోలుకు వైర్లు అతికించిన కాళ్ల పక్క సందులో, పెట్టెలోని క్లీనింగ్ స్ప్రే కొట్టి నాబ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పింది. ఇరవైసార్లు తిప్పి ఆపబోయింది... ఎందుకో ఇంకో పది తిప్పింది. బాగా ఆరినాక ప్లగ్గు పెట్టింది. తిప్పితే చప్పుడు లేదు. ఇంకో లారీ పోయింది. కప్పు మీది హారన్ పలకలేదు.

పొద్దున్నే గుంపోళ్లంతా మోకులు పట్టుకుని దిగినారు. ఆమె వాళ్ల ముందరే నాబ్ తిప్పి చూపించింది. ఒక్క గరగర లేదు. సూసినారా నా ఇబూది మహిమ, అంటూ రామచంద్రప్ప మళ్లీ పొట్లం విప్పినాడు.

నిజం చెప్తే మళ్లా నవ్వుతారు. మునీశ్వరి తల వంచుకునే చెప్పింది.

"రాత్రి ఆయన కనపడినాడన్నా. ఇబూది పడదంట. నిమ్మకాయ కూడా. పాడేది అయిపోతానే స్విచ్చి ఆపి గుడ్డ కప్పమన్నాడు. వారానికొకతూరి నాబ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పమన్నాడు. తప్పితే... మళ్లా దగ్గుతాడంట."

రామచంద్రప్ప పొట్లం మూసి చేతులు జోడించినాడు. పెళ్లాం మాట వినని ఊరు మొగుడి దెయ్యం మాటకు అక్కడికక్కడే తలూపింది. కొత్త తువ్వాలొకటి తెచ్చి మిషను మీద కప్పినారు కూడా.

అందరూ పోతాంటే నాగేంద్ర ఒక్కడు వెనకబడినాడు. మొహం పాలిపోయి ఉంది.

"మునక్కా... నాకు ముందే తెలుసు, ఆయన వచ్చినాడని."

"ఎట్లప్పా?"

"రాత్రి చెప్పుల కోసం వస్తి. కిటికీలో టార్చి వెలుగు... లోపల మగగొంతు. 'ఇంగో పది తిప్పు మే' అన్నాడు. చెప్పులు కూడా తీసుకోకుండా పరిగెత్తితి."

మునీశ్వరి ఇంటికొచ్చి, పనిపెట్టెలోంచి టార్చి తీసి చూసింది. రాత్రి మూత విప్పింది మొదలు బిగించేదాకా అది నోట్లోనే ఉంది, మాట్లాడే సందే లేదు.

పిడి చుట్టూ ఆమె పళ్ల గాట్లు... లోతుగా దిగి ఉన్నాయి.