సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోయింది

శవం కుడికాలికి పిండికట్టు ఉంది.

తల వెనక దెబ్బ. ఒక్కటే. పక్కనే నేల మీద ఒక కర్ర. మరమగ్గంలో నూలు మోసే షటిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టే కర్ర అది. మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భివండీలో అలాంటిది ఏ ఇంటి మూలన వెతికినా దొరుకుతుంది. పట్టుకునే చోట ఎవరో గుడ్డతో శుభ్రంగా తుడిచారు.

సబ్ ఇన్‌స్పెక్టర్ నమ్రత ముఖం మీది చెమట తుడుచుకుంది. 2006, మే నెల. కామత్‌ఘర్‌లో ఇరుకు సందు. కింద లూమ్‌ల కార్ఖానా, పైన యజమాని ఇల్లు. చనిపోయినవాడు ఆ యజమానే. పేరు వీరయ్య.

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. ఫ్యాన్ తిరగడం లేదు. టీవీ కింద డీవీడీ ప్లేయర్ ట్రే నాలుకలా బయటికి వచ్చి ఉంది. ట్రేలో ఒక సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘అప్‌డేట్’ అని రాసి ఉంది.

వీరయ్య భార్య మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎవరు చూసిన్రు మొదలు?"

"నేనే మేడమ్. ఆడబిడ్డ ఇంటికి పోయి నాలుగున్నరకు వచ్చిన. మెట్లు ఎక్కుతుంటె ఓదెమ్మ కొడుకు ఉరికొస్తున్నడు దిగుకుంట. పిలిస్తె పలుకలే. లోపటికొస్తె అంత చీకటి. లైటు ఏసిన. గట్ల పడి ఉన్నడు."

ఓదెమ్మ అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టే మనిషి. ఆమె కొడుకు శుభమ్, సందు మొదట్లో డీవీడీలు, టీవీలు రిపేరు చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు.

ఆరు గంటలకల్లా శుభమ్ లాకప్‌లో ఉన్నాడు.

*

"ఎందుకు పోయినవ్ వాళ్లింటికి?"

"సెట్ అప్‌డేట్ చెయ్యనీకి మేడమ్." కుర్రాడు లాకప్ ఊచలు పట్టుకున్నాడు. "కాలు ఇరిగిన కాడి నుంచి కాకా పొద్దంత సినిమాలే. ఒక్క డిస్కుల ఆరు సినిమాలు వస్తున్నయ్ గదా, అవి ఆయన సెట్ల నడుస్తలేవు. ‘రాంగ్ డిస్క్’ అని పడుతున్నది."

"అప్‌డేట్ అంటే ఏం చేస్తవ్?"

"కంపెనీ వెబ్‌సైట్ల ఫైల్ ఉంటది. సైబర్ కేఫ్‌ల డౌన్‌లోడ్ చేసి సీడీ మీద ఎక్కించిన. సెట్ల వేస్తే ‘అప్‌గ్రేడ్ చెయ్యాల్నా?’ అని అడుగుతది. ఎస్ అని కొట్టాలె. ట్రే దానంతట అదే బయటికొస్తది. అంటే పాత సాఫ్ట్‌వేర్ పోయి కొత్తది ఎక్కుతున్నట్టు. గప్పుడు కరెంటు బంద్ కావద్దు. అయితే సెట్ ఖతమ్. డబ్బా ఐపోతది."

"మరి మధ్యల వదిలి ఎందుకు పోయినవ్?"

"గైబీ నగర్ కస్టమర్ ఫోన్ మీద ఫోన్. కాకానే అన్నడు, నువ్వు పో, నేను చూస్తుంట అని. ప్లగ్గు లూజ్ ఉండెనని పాత బోర్డు పక్కకు కొత్త స్విచ్ డబ్బా గూడ బిగించిన. మూడు దాటినంక పోయిన. నేను షేర్ ఆటోల ఉండంగనే కరెంటు పోయింది."

"కస్టమర్ కలిసిండా?"

"ఇల్లు తాళం ఉండె."

"మళ్లీ ఎందుకొచ్చినవ్?"

"సీడీ తీసుకుందామని. కాకాను చూసిన... దిమాక్ పని చెయ్యలే మేడమ్. ఉరికిన."

స్టేషన్ ఇన్‌స్పెక్టర్ సాహెబ్‌కు ఇంత కథ అక్కర్లేదు. ఆయన లెక్క తేలిక. మూడూ పదికి కరెంటు పోయింది, నాలుగింటికి గానీ రాలేదు. సెట్టు చచ్చింది. ముసలాయన కుర్రాడి కాలర్ పట్టుకున్నాడు. కుర్రాడు కర్ర అందుకున్నాడు. మెట్ల మీద సాక్షి కూడా ఉంది.

"చార్జిషీట్ రాసెయ్ నమ్రతా. ఖూనీ కేసు. యావజ్జీవం పడుతుంది."

నమ్రతకు ఒక్కటి మింగుడు పడలేదు. చంపినవాడు కర్రను తుడిచాడు. అంత జాగ్రత్త ఉన్నవాడు తన చేతిరాతతో ఉన్న సీడీని ట్రేలో వదిలి పోతాడా?

*

మర్నాడు పొద్దున్నే స్టేషన్ గేటు దగ్గర ఓదెమ్మ. చేతిలో టిఫిన్ డబ్బా. పక్కన నెరిసిన మీసాల మనిషి.

"ఎవరాయన?" అని అడిగింది నమ్రత.

"వీరయ్య తమ్ముడు కనకయ్య," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ భీమ్‌రావు. మనిషిది నాసిక్ వైపు. మాట్లాడేది మరాఠీ. "కార్ఖానా నడిపేది ఈయనే. ఆ తల్లికి అన్నం పంపిస్తున్నాడట. వకీలును కూడా చూస్తున్నాడు. దేవుడిలాంటి మనిషి మేడమ్."

"దేవుళ్లు స్టేషన్‌కు రారు భీమ్‌రావ్. లోపలికి పిలువ్."

కనకయ్య భీమ్‌రావు ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లో మగ్గాల నూనె నలుపు.

"అన్నను చంపినోని తల్లికి అన్నం పెడుతున్నవ్. కోపం లేదా?"

"ఆడమనిషి ఏం చేసింది మేడమ్? ఇరవై ఏండ్ల సంది మా కార్ఖానల పని చేస్తున్నది."

"నిన్న కరెంటు పోయినప్పుడు యాడున్నవ్?"

"కనేరిల. నూలుకు గంజి పెట్టే సైజింగ్ కాడ. పడుగు చుట్టిన బీములు ఎప్పుడిస్తరో అడుగుదామని."

"ఎవరన్న చూసిన్రా?"

"అంత మంది భీడ్‌ల ఎవరు చూస్తరు?"

"అన్న ఇంటికి ఎప్పుడు పోయినవ్ చివరిసారి?"

"వారం దాటింది. మాకు బోల్‌చాల్, మాటాముచ్చట లేదు." కనకయ్య దాచలేదు. "లూమ్‌లు తుక్కుకు వేసి షెడ్డు గోదాం వాళ్లకు ఇస్త అన్నడు. వద్దన్న. గల్లీ అంత ఎరుకే."

గల్లీ అంతా ఎరిగిన సంగతిని తానే ముందు చెప్పేవాడు అమాయకుడైనా కావాలి, ఆరితేరినవాడైనా కావాలి. నమ్రత ఏదీ తేల్చుకోలేదు.

లూమ్‌లు బాగుచేసే జాబర్ అంకుశాన్నీ పిలిపించింది. షెడ్డు అమ్మితే వాడి పని కూడా పోతుంది. కానీ కరెంటు పోయినప్పుడు అంకుశం కార్ఖానాలోనే ఉన్నాడు. పన్నెండు మంది కార్మికులు ఒకే మాట చెప్పారు.

మళ్లీ శుభమ్ ఒక్కడే మిగిలాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. పాపం వీడు శవం పక్క నుంచి ఉరికాడు!

గేటు దగ్గర ఓదెమ్మ ఇంకా కదల్లేదు. నమ్రతను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడు చీమను తొక్కడు బిడ్డా. ఒక్కసారి మంచిగ చూడుండ్రి."

తిట్టినా బాగుండేదని నమ్రతకు అనిపించింది.

*

ఆ మధ్యాహ్నం స్టేషన్‌లో కరెంటు పోయింది.

నమ్రత ఫైల్ చదువుతోంది. ఫైల్‌లోంచి కళ్లు తియ్యకుండానే లేచింది. గోడ దగ్గరికి వెళ్లింది. టక్, టక్, టక్. వచ్చి కూర్చుంది.

భీమ్‌రావు నవ్వాడు.

"ఏంటి?"

"ఏం లేదు మేడమ్. కరెంటు పోతే ఎవరైనా విసనకర్ర వెతుక్కుంటారు. మీరు మాత్రం లేచి స్విచ్‌లన్నీ ఆఫ్ చేస్తారు. ఎలాగూ లేని కరెంటును మళ్లీ ఆర్పడం ఎందుకని స్టేషన్‌లో అందరం నవ్వుకుంటాం."

నమ్రత చెయ్యి ఫైల్ మీద ఆగిపోయింది.

ఆమె పుట్టింది కనేరిలో, ఎనిమిది లూమ్‌ల షెడ్డు వెనక గదిలో. చదువు మరాఠీ, ఇల్లు తెలుగు, ఉద్యోగం హిందీ. కానీ వీటన్నిటికన్నా ముందు నాన్న నేర్పిన పాఠం ఒకటుంది. కరెంటు పోయిందా, మొదట స్విచ్ ఆఫ్ చెయ్. లేకపోతే కరెంటు రాగానే లూమ్‌లన్నీ ఒక్కసారి కదులుతాయి. షటిల్ నడుమ ఉంటే పడుగు తెగుతుంది. చెయ్యి నడుమ ఉంటే చెయ్యి పోతుంది. మగ్గం దగ్గర పెరిగిన వాళ్లకు అది ఆలోచన కాదు. తుమ్ము వస్తే చెయ్యి ముక్కు దగ్గరికి పోయినట్టే.

"భీమ్‌రావ్! జీప్ తియ్."

"ఎక్కడికి?"

"వీరయ్య ఇంటికి. వేలిముద్రల వాణ్ని కూడా రమ్మను."

మల్లవ్వను వెంటబెట్టుకుని, సీల్ తీసి తలుపు తెరిచారు. నమ్రత నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లింది. తలుపు పక్కనే ఉంది. లైటు స్విచ్ ఒక్కటే ఆన్. ఫ్యాన్ ఆఫ్. టీవీ ఆఫ్. పక్కన తెల్లగా మెరుస్తున్న కొత్త డబ్బా. అదీ ఆఫ్.

"మల్లవ్వా, ఆ దినం ఏ స్విచ్ ముట్టినవ్?"

"లైటు ఒక్కటే మేడమ్. మల్ల నా చేతులు కాళ్లు ఆడలే."

"మీ ఆయన మంచం దిగి ఈడిదాక రాగలడా?"

"యాడొస్తడు! పక్కకు ఒత్తిగిలాలన్న నేనే పట్టాలె."

నమ్రతకు రెండు రోజుల బరువు దిగినట్టయింది. ఎవరిని పట్టుకోవాలో ఇంకా పూర్తిగా తెలియదు. ఎవరిని వదలాలో మాత్రం తెలిసింది.

*

మూడో రోజు పొద్దున పదకొండుకు అందరూ అదే గదిలో ఉన్నారు. మల్లవ్వ, ఓదెమ్మ నేల మీద. అంకుశం కిటికీ దగ్గర. కనకయ్య తలుపు పక్కన. చేతికి బేడీలతో శుభమ్.

టీవీ కింద వేరే ప్లేయర్ ఉంది. నమ్రత బేడీలు తీయించింది.

"శుభమ్, ఆ దినం ఏం చేసినవో అదే చెయ్. ఇది గూడ అదే మోడల్."

కుర్రాడు సీడీ వేశాడు. ఎస్ కొట్టాడు. ట్రే బయటికి వచ్చింది. తెర మీద పచ్చగీత పాకుతోంది. తలపైన ఫ్యాన్ తిరుగుతోంది. కింద లూమ్‌ల చప్పుడు.

గీత సగం దాటింది. నమ్రత కిటికీలోంచి చెయ్యి ఊపింది. కింద భీమ్‌రావు మెయిన్ ఫ్యూజు లాగాడు.

ఫ్యాన్ నెమ్మదించింది. లూమ్‌లు ఆగాయి.

"అయ్యో! సెట్ గయా మేడమ్!" శుభమ్ ప్లేయర్ మీదికి ఉరికాడు.

అంకుశం సగం లేచాడు. అప్పటికే ఇంకొకరు ఆ పని చేస్తున్నారని చూసి కూర్చున్నాడు.

టక్. టక్. టక్.

కనకయ్య బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. వేలు కొత్త డబ్బా మీదే ఉంది. అందరూ తన వైపు ఎందుకు చూస్తున్నారో అతనికి తెలియలేదు.

"ఏంది మేడమ్?"

"శుభమ్, నువ్వెప్పుడన్న లూమ్ నడిపినవా?"

"లేదు మేడమ్. అమ్మ కార్ఖాన గడప తొక్కనియ్యలే."

"అందుకే నువ్వు సెట్ దిక్కు ఉరికినవ్." నమ్రత కనకయ్య ముందుకు వచ్చింది. "ఆ దినం కరెంటు పోయినప్పుడు ఈ గదిల అన్న ఒక్కడే లేడు. ఇంకొకరున్నరు. మగ్గం మనిషి. కరెంటు పోంగనే స్విచ్‌లన్ని బంద్ చేసిండు. అన్నకు కాలు లేవదు. అంకుశం కింద లూమ్‌లు బంద్ చేస్తున్నడు, పన్నెండు మంది చూసిన్రు."

"బోర్డు ముట్టినోడు హంతకుడైతడా?" కనకయ్య గొంతు గట్టిగానే ఉంది. "ఇది మా అన్న ఇల్లు. వంద సార్లు ముట్టి ఉంట."

"పాత బోర్డు ముట్టినవ్. ఈ డబ్బాను ఆ దినం రెండున్నరకు శుభమ్ గోడకు బిగించిండు. దాని మీద ఇద్దరి వేలిముద్రలే ఉన్నయ్. కింద శుభమ్‌వి. వాటి మీద, నిన్న నువ్వు స్టేషన్‌ల చాయ్ తాగిన గ్లాసు మీదివి. వారం సంది ఈ ఇంటికి రాలేదంటివి గదా కనకయ్యా?"

కనకయ్య డబ్బా మీది నుంచి వేలు తీశాడు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని గోడ వెంట కిందికి జారి కూర్చున్నాడు.

"గొడవకు రాలే వదినె," అన్నాడు మల్లవ్వతో. "బతిమాలుకుందామని వచ్చిన. మాట్లాడుతుంటె కరెంటు పోయింది. కింద సప్పుడు ఆగింది. అన్న కండ్లు మూసుకున్నడు. ‘ఇన్నవా, పానం ఎంత హాయిగున్నదో! అమ్మినంక రోజూ గిట్లనే ఉంటది’ అన్నడు. ముప్పై ఏండ్ల సంది గా సప్పుడే మనకు బువ్వ పెట్టింది. దాన్ని పట్టుకొని గంత మాట అన్నడు. మల్ల నాకు ఏం ఎరుక లేదు."

"కర్ర తుడిచింది గూడ ఎరుక లేదా?" అంది నమ్రత.

కనకయ్య నూనె నలుపు వేళ్లను చొక్కాకు రుద్దుకున్నాడు.

ఓదెమ్మ లేచింది. అతని ముందుకు వచ్చింది.

"నా కొడుకును లోపటికి తోలి, నా చేతుల టిఫిన్ డబ్బా పెట్టినవా కనకయ్యా? నేను దండం పెట్టి తిన్న గదయ్యా!"



*

కోర్టు కాగితాలు తేలి శుభమ్ బయటికి రావడానికి ఇంకో రోజు పట్టింది. తల్లీకొడుకులు నడిచే వచ్చారు. సందులో మాట్లాడుతున్నవాళ్లు వీళ్లను చూసి ఆపేశారు. దుకాణం షటర్ మీద రాళ్ల దెబ్బలు. రిపేరుకు ఇచ్చిన సెట్లు మళ్లీ ఇచ్చెయ్యమని నలుగురు అప్పటికే ఓదెమ్మను అడిగిపోయారు. పోలీసులు వదిలినా సందు అంత తొందరగా వదలదు. నిప్పు లేనిదే పొగ రాదని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

"ఇగ వద్దమ్మా. నా దగ్గరికి ఎవడు తెస్తడు? నీతోని కార్ఖానకు వస్త. అంకుశం మామ పని నేర్పుత అన్నడు."

ఓదెమ్మ నడిరోడ్డు మీద ఆగింది.

"లూమ్ పని ఎరుక లేకనే ఇయ్యాల బయట ఉన్నవ్ బిడ్డా. ఎరుకుంటె నువ్వూ కనకయ్యా మేడమ్‌కు ఒక్కతీరే కనబడుదురు. నడువ్. షటర్ లేపు."

షటర్ ముందు భీమ్‌రావు నిలబడి ఉన్నాడు. యూనిఫాంలోనే. చంకలో డీవీడీ ప్లేయర్. సాక్ష్యం కోసమని నమ్రత రెండు గంటల కోసం ఆయన ఇంటి నుంచి అడిగి తీసుకుపోయిన సెట్టు అది. ఆ రోజు మెయిన్ ఫ్యూజు లాగి తాను చంపింది తన సెట్టునేనన్న సంగతి పాపం ఆయనకు ఇంటికి పోయాకే తెలిసింది.

"అరే శుభమ్, ఇది డబ్బా అయిపోయింది. బాగవుతుందా?" అన్నాడు సందంతా వినపడేలా.

శుభమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చిప్ మార్చాలె సాబ్. పొద్దుగూకుతది."

"కానియ్."

భీమ్‌రావు లోపలి నుంచి స్టూలు లాగి దుకాణం బయట వేసుకున్నాడు. టోపీ సర్దుకుని, సందులో వచ్చేపోయే వాళ్లందరినీ చూస్తూ, పొద్దుగూకే దాకా అక్కడే కూర్చున్నాడు.